ప్రయాణ కారణం

పూలపల్లి దాటాక కాలవగట్టున
మద్దాల ఏసురత్నం షెడ్డు.
రాత్రి ఎనిమిదయితే పానాలు మేకులకు వేలాడతాయి,
బల్ల మీద జర్మనీ పరుచుకుంటుంది.

ఆ పటం తెచ్చింది భీమవరం పళ్ల డాక్టరు నరసరాజు గారు.
మడత దగ్గర చిరిగితే నేనే కుట్టాను,
కారు సీట్లు కుట్టే దారంతో.
అందుకే మా జర్మనీలో
స్టుట్‌గార్ట్ నుంచి మ్యూనిక్ దాకా
నల్ల నైలాను గీత ఒకటి ఉంటుంది.
మొదట్లో దాన్నే రోడ్డనుకుని డీజిలు లెక్కేశాం.

డిపోలో కరెంటు పని చేసి దిగిపోయిన గుబ్బల వీర్రాఘవులు
విమానం టిక్కెట్టు ధర రోజూ చెప్తాడు
రొయ్య రేటు చెప్పినట్టు.
"ఇవాళ మూడువేలు దిగిందండోయ్!"
కొనం. రేపింకా దిగుద్దని ఆశ.
మర్నాడు ఎక్కుద్ది.

ఏప్రిలంటే దాళ్వా కోతలు,
హార్వెస్టర్లు షెడ్డు ముందు వరస కడతాయి.
ఆగస్టంటే గోదారి మాట ఎవరు చెప్పగలరు?
అక్కడేమో పాత బళ్లు ఎండాకాలమే రోడ్డెక్కుతాయట,
చలికాలమంతా దుప్పటి కప్పి పడుకోబెడతారట.
"మా మావయ్యకి ఆ మర్యాద జరగలేదు" అన్నాడు వీర్రాఘవులు.

ఏసురత్నం భార్య కరుణమ్మ
అరుగు మీద లేసు అల్లుతూ నవ్వింది.
"నా అల్లిక ఎప్పుడో వెళ్లిందిలే ఆ దేశం.
దాన్నెవరూ కాయితాలు అడగలేదు."

షెడ్డు మూల పరదా కింద ఉంది
దొడ్డిపట్ల మిల్లు షావుకారు బెంజి,
అరవై రెండు మోడలు.
ఎనభయ్యారు వరదలో ఐదు రోజులు మునిగింది.
నీళ్లు తోడిన కుర్రాడు ఏసురత్నం, పదిహేడేళ్లు.
పుస్తకం లేదు, చెప్పేవాడు లేడు,
విప్పుతూ నేర్చుకున్నాడు, బిగిస్తూ మర్చిపోయాడు, మళ్లీ విప్పాడు.
ఇప్పటికీ తలుపు గట్టిగా వేస్తే
రేకు సందుల్లోంచి చిటికెడు ఒండ్రు రాలుతుంది.

డైనమో పక్కన ఒక బోల్టు.
ఎడమ మర.
తిరిగే చోటైతే అర్థం ఉంది, ఇది కదలని చోట.
"ఎవడో కావాలనే పెట్టాడ్రా.
ఎందుకో అడిగి వచ్చేస్తాను."
అంతే అతని జర్మనీ.
మాకందరికీ మ్యూజియాలు, కొండ రోడ్లు,
ఆదివారం పాత బళ్ల తిరనాళ్లు.
"తాడు కట్టి ఉంచుతారయ్యా, ముట్టుకోనివ్వరు" అన్నారు రాజుగారు.
చాలాసేపు కాలవ చప్పుడే వినపడింది.

వీసా కాయితంలో ప్రయాణ కారణం అని ఒక గడి.
పర్యటన అని రాశారు రాజుగారు.
"ఎడమ మర సంగతి రాయరా?"
గడి చిన్నది, ఏసురత్నం.

హైదరాబాదులో ముగ్గురివీ పడ్డాయి వేలిముద్రలు.
అతనివి పడలేదు.
గాజుపలక మీద పది వేళ్లు, పది నున్నటి గులకరాళ్లు.
ఆ పిల్ల తుడిచింది, ఊదింది, మళ్లీ పెట్టించింది.
"గీతలు అరిగిపోయాయండి. పదిహేను రోజులు
పని మాని, నూనె రాసి రండి."

నలభై ఏళ్లలో మొదటిసారి
అతని చేతులు ఒళ్లో కూర్చున్నాయి.
నోటితో చెప్తుంటే నేను బిగించాను, తప్పు బిగించాను.
కరుణమ్మ దీపం దగ్గర వేళ్లు పట్టి చూసేది,
వరద తీశాక లంక మీద తేలే ఇసక గీతల్లా
ఒక్కొక్కటే వస్తున్నాయంది.

పన్నెండో రాత్రి
వీర్రాఘవులు ధర చెప్తున్నాడు, ఎవరూ వినటం లేదు.
ఏసురత్నం బెంజి బానెట్టు ఎత్తి
ఆ బోల్టు తల మీద లేత వేలు పెట్టాడు.
తియ్యలేదు.
"ఇక్కడేదో అక్షరం ఉంది" అన్నాడు.
టార్చి వేశాం. మా కళ్లకు కనపడలేదు.
నా వేలికి సూది పోట్లే తప్ప ఏమీ తగల్లేదు.
"కంపెనీ అచ్చు కాదిది. చేత్తో గీశాడు."

వేలు అక్కడే ఉంచి
వీర్రాఘవుల్ని అడిగాడు,
ఇందాక ఎంతన్నావు?